ఐసు మీద దణ్ణం

నా దగ్గర ఐస్ డాన్స్ నేర్చుకునే పిల్లలకు ఒక అలవాటుంది. జంటలో ఒకరి స్కేటు రెండోవాళ్ళ బూటుకు తగిలిందంటే, తగిలించినవాళ్ళు చటుక్కున అవతలివాళ్ళ భుజాన్ని వేళ్ళతో తాకి ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంటారు. గలాలీ నుంచి వచ్చే బహ్రెయినీ అక్కాతమ్ముళ్ళూ అంతే, వాళ్ళని చూసి నేర్చుకున్న ఫిలిప్పీన్స్ పిల్లలూ అంతే. మొన్న ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి, ఇది ఏ రూలు కింద వస్తుందని చాలా మర్యాదగా అడిగాడు. ఐస్ డాన్స్‌లో ఇది పాత పద్ధతి అని చెప్పాను. ఆయన తలాడించి, వెళ్ళి తన కూతురికి ఇంకా వంగి చెయ్యమని చెప్పాడు.

ఆ పాత పద్ధతి నాతోనే మొదలైంది. కావాలని చేసింది మాత్రం కాదు.

మా నాన్న బహ్రెయిన్‌లో ఈ ఐసు రింకులోనే, నీళ్ళను గడ్డకట్టించే చిల్లర్ మిషన్లకు మెకానిక్. బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే జూలైలో ఆయన స్వెట్టరు వేసుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. బుసైతీన్‌లో మా బిల్డింగువాళ్ళు చాలాకాలం ఆయనకేదో జబ్బుందనుకున్నారు. ఐసును నున్నగా చేసే బండి నడిపేదీ ఆయనే. పొద్దున జనం రాకముందు, ఐసు సరిగ్గా గట్టిపడిందో లేదో చూడ్డానికి నన్నూ అన్నయ్యనూ దాని మీదికి వదిలేవాడు. మేం పడితే ఐసు బాగున్నట్టు, ఐసు పగిలితే బాగోలేనట్టు. మా కెరీరు అలా మొదలైంది.

అక్కడ కోచ్‌గా ఉన్న ఫిలిప్పీన్స్ ఆవిడ కొన్నాళ్ళు మమ్మల్ని గమనించి, ఈ పిల్లకు గంతులు జన్మలో రావు, కాళ్ళకు మాత్రం పాట వినిపిస్తుంది, ఐస్ డాన్స్ నేర్పుదాం అంది. అది జంటగా చేసేది. గాల్లో గిరగిరా తిరిగే పెద్ద గంతులుండవు, మనిషిని విసిరెయ్యడాలుండవు. ఇద్దరూ చేతులు పట్టుకుని, మోకాలి పక్కన మోకాలు పెట్టి, కత్తుల్లాంటి స్కేట్ల మీద పాటకు తగ్గట్టు తిరగాలి. ఎంత దగ్గరగా తిరిగితే అంత మంచి మార్కులు.

ఇంటికొచ్చి చెబితే, అమ్మ ఆ దగ్గరగా అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"ఎవరితో?" అంది.

"జంటంటే అబ్బాయితోనే కదమ్మా."

నాన్న అన్నం కలుపుతూ తలెత్తలేదు. "ఇంట్లో ఒకడున్నాడు కదే. వాడితో చెయ్యమను" అన్నాడు.

అన్నయ్యకు అప్పుడు పదమూడేళ్ళు, నాకు పది. వాడికి ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కావాలని ఉండేది. ఎవరూ అడగలేదు. మిగతా ఐస్ డాన్సర్లు తగిన జోడీ కోసం దేశాలు తిరుగుతారట. నాకు రేషన్‌లో వచ్చాడు.

శుక్రవారం తెలుగు ఫెలోషిప్‌లో సంగతి పొక్కింది. అన్నాచెల్లెళ్ళు కలిసి డాన్సేమిటని ఆంటీలు చెవులు కొరుక్కుంటుంటే అమ్మ నిబ్బరంగా, "డాన్సు కాదండీ, ఐసు మీద ఎక్సర్‌సైజు" అంది. పాస్టరుగారు ఈ బిడ్డలు జారిపడకుండా కాపాడమని ప్రార్థన చేశారు. ఆ వారం పదకొండుసార్లు పడ్డాం. ప్రార్థనలో లోపం లేదు, అన్నయ్య కాళ్ళలో ఉంది.

నాలుగేళ్ళకు కాస్త నిలబడటం వచ్చాక కోచ్ మాకు టాంగో పెట్టింది. టాంగో అంటే ప్రేమ, కోపం, విరహం. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోండి, ప్రాణం పోతున్నట్టు చూసుకోండి అని అరిచేది. అన్నయ్య కళ్ళలోకి చూస్తే నాకు ఫ్రిజ్‌లో దాచుకున్న నా కునాఫా మిఠాయి తిన్నవాడే కనిపించేవాడు. నవ్వు తన్నుకొచ్చేది. వాడికీ అంతే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను వాడి కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ చూడాలి, వాడు నా తలలో క్లిప్పు చూడాలి. ఒక జడ్జి మా కోచ్‌తో, ఈ జంట బాధను భలే అణచుకుంటారు అందట. మేం అణచుకుంటున్నది నవ్వు.

మొదటి పెద్ద పోటీ అబుదాబిలో. డాన్సు మధ్యలో నా స్కేటు వెళ్ళి అన్నయ్య బూటుకు టక్కున తగిలింది. పడలేదు, పాట పోలేదు. కానీ కాలు తగిలింది కదా. నా చెయ్యి నన్నడక్కుండానే వెళ్ళి వాడి భుజం తాకి, నా కళ్ళకద్దుకుంది.

మా ఇంట్లో ఇది పెద్ద తగాదా విషయం. "మనకవన్నీ లేవే, దణ్ణం దేవుడొక్కడికే" అని అమ్మ చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది. ఫెలోషిప్‌లో ఎవరి బైబిల్ సంచికైనా కాలు తగిలితే మాత్రం ఆవిడ చెయ్యే అందరికంటే ముందు కళ్ళ మీదికెళుతుంది. నాన్న మెకానిక్ కాబట్టి కాలికి స్పానరు తగిలినా దణ్ణం పెట్టేస్తాడు. ఇలాంటి ఇంట్లో పెరిగి నేను ఐసు మీద ఊరుకుంటానా?

జడ్జీలు అది డాన్సులో భాగమనుకున్నారు. టాంగోలో అంత కోపంగా తిరుగుతున్న అమ్మాయి ఉన్నట్టుండి అతన్ని తాకి కళ్ళకద్దుకుంటే వాళ్ళకేదో గొప్ప ప్రేమ కనిపించింది. మూడో స్థానం వచ్చింది. కోచ్ నన్ను తిట్టబోయి, మార్కులు చూసి, ఇకనుంచి ప్రతి డాన్సులోనూ ఇది ఉంచుదాం అంది. అలా నా తొట్రుపాటు మా గుర్తు అయిపోయింది. కాలు తగలకపోయినా పెట్టేదాన్ని.

నా ఏడుపల్లా ఒకటే. వాడి స్కేటు నాకు తగిలితే వాడు పెట్టడు. నా ఎడమ బూటు మీద ఏడు గాట్లు పడ్డాయి, ఏడూ వాడివే. ఒక్కసారీ చెయ్యి కదల్లేదు.

"నేను పెద్దోణ్ణే. పెద్దోళ్ళు పెట్టరు" అనేవాడు.

"మూడేళ్ళకేం పెద్దరికం?"

"మూడేళ్ళు చాల్లే."

మొదలుపెట్టి పన్నెండేళ్ళు అలా గడిచాయి. గల్ఫ్‌లో రింకులున్న ఊళ్ళన్నీ తిరిగాం, ఒకసారి కౌలాలంపూర్ కూడా వెళ్ళాం. పతకాలు అమ్మ వంటింట్లో గరిటెల పక్కన తగిలించింది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒకరోజు అన్నయ్య ఉప్మా తింటూ, దీవికి అటు పక్క జల్లాఖ్‌లో ఒక రిసార్టులో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. షిఫ్టులట. శుక్రవారాలు కూడా డ్యూటీయేనట. "ఈ అబుదాబి పోటీ అయ్యాక నాది ఖలాస్" అన్నాడు.

నాకింకా ఆడాలని ఉంది. ఆ సంగతి వాడికి తెలుసు. జోడీ లేకపోతే ఐస్ డాన్స్ లేదు, మా దీవిలో ఇంకో జోడీ లేడు. ఆ ఒక్క మాటతో వాడి కెరీరుతోపాటు నాదీ అయిపోయింది. అమ్మ, "వాడికీ బతుకుంది కదే" అంది. నిజమే. ఆ నిజం వినడం నాకిష్టం లేదు. కోపం పైకి కనబడేది, లోపలున్నది భయం. పదేళ్ళప్పటి నుంచి వాడి చెయ్యి పట్టుకుని తప్ప నేను ఐసు మీద ఎక్కడికీ వెళ్ళలేదు.

మూడు వారాలు వాడితో మాట్లాడలేదు. మాట్లాడకుండా రోజూ రెండు గంటలు వాడి భుజం మీద చెయ్యేసి తిరగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలియాలి. చెప్పాల్సిందేమైనా ఉంటే కోచ్ వైపు తిరిగి, "వాణ్ణి మోచెయ్యి పైకెత్తమనండి" అని తెలుగులో అనేదాన్ని. ఆవిడకు తెలుగు రాదు. అయినా వాడి వైపు తిరిగి, "యల్లా, కానీ, విన్నావుగా" అనేది.

ఆ ఆఖరి పోటీలో బాగానే చేస్తున్నాం. మొదటి రోజు మార్కుల్లో రెండో స్థానంలో ఉన్నాం. రెండో రోజు డాన్సు ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా, ఇద్దరం పక్కపక్కన వేగంగా మలుపు తిరుగుతుంటే, వాడి స్కేటు నా ఎడమ బూటుకు తగిలింది. ఎనిమిదో గాటు. నేను మోకాళ్ళ మీద పడ్డాను. పడితే ఒక మార్కు పోతుంది, వెంటనే లేచి పాట అందుకుంటే మిగతావి దక్కుతాయి. నేను లేచాను. చెయ్యి చాచాను.

వాడు అందుకోలేదు. వంగాడు. ఒక మోకాలు ఐసు మీద ఆనించి, నా బూటు మీద ఆ కొత్త గాటును వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు ఒక కంటికీ ఇంకో కంటికీ అద్దుకున్నాడు. తొందరేమీ లేనట్టు చేశాడు. పాట తన దారిన తను వెళ్ళిపోతోంది. గోడ దగ్గర కోచ్ రెండు చేతులతో తల పట్టుకుంది. వాడు లేచి నా చెయ్యి పట్టుకునేసరికి, మేం ఎక్కడుండాలో పాట అక్కడ లేదు. ఎలాగో దాన్ని పట్టుకుని ముగించాం.

మార్కుల కోసం బెంచీ మీద కూర్చున్నాం. మూడు వారాల తర్వాత నేనే నోరు విప్పాను.

"పెద్దోళ్ళు పెట్టరన్నావు?"

వాడు వంగి నా ఎడమ బూటు లేసు విప్పుతున్నాడు. "దీనికొక్కదానికే కాదులే. అన్నిటికీ కలిపి పెట్టా" అన్నాడు.

నాలుగో స్థానం వచ్చింది. కోచ్ చూడమని బోర్డు వైపు చెయ్యి చూపించింది. మేం ఒకరివైపు ఒకరం తిరిగాం. ఒప్పందం ప్రకారం వాడు నా క్లిప్పు చూశాడు, నేను వాడి పుట్టుమచ్చ చూశాను. కళ్ళలోకి చూస్తే ఈసారి వచ్చేది నవ్వు కాదని ఇద్దరికీ తెలుసు.