ఎల్స్‌పా దేవుడికి చెప్పిన చాడీలు

ఎల్స్‌పా ఫారో దీవుల్లోని చేపల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు కాడ్ చేపలు కోసింది. సాయంత్రం ఐదింటికి చేతిలో కత్తి దించేది కానీ నోటికి మాత్రం విశ్రాంతి ఇచ్చేది కాదు. పడవ ఆలస్యమైతే కెప్టెన్ని, వాన కురిస్తే రేడియోలో వాతావరణం చెప్పేవాణ్ణి దులిపేసేది. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు పక్కింటి హానుస్. అతని పొట్టేలు కంచె దూకి వచ్చి, ఏటా ఆవిడ టర్నిప్ దుంపల మడిని నున్నగా మేసి పోయేది.

ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో సంఘపెద్ద మోర్టన్ మంచిగా మాట్లాడడం గురించి చెప్పాడు. "మనుషులతో నోరు విప్పే ముందు దేవుడితో ఒక్క నిమిషం మాట్లాడండి" అన్నాడు. ఎల్స్‌పాకి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఆ వేళ నుంచే మారిపోవాలనుకుంది.

సోమవారం ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అడిగాడు. "ఎల్స్‌పా, ఈ పెట్టెలో చేపలెన్ని?"

ఆవిడ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. నిమిషం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. సూపర్‌వైజర్ హడలిపోయి కుర్చీ లాక్కొచ్చాడు, మొహాన నీళ్లు కొట్టాడు. ఎల్స్‌పా కళ్లు తెరిచి, "నలభై, నా బంగారు నాయనా" అంది. దాంతో అందరికీ భయం రెట్టింపై నర్సుకు కబురు పంపారు.

గురువారానికి ఆవిడ మింగిన తిట్లన్నీ గొంతుదాకా వచ్చేశాయి. ఆ సాయంత్రం ప్రార్థన కూటంలో అందరూ తలలు వంచారు. ఎల్స్‌పా లేచి నిలబడింది.

"ప్రభువా, హానుస్‌ని క్షమించు. పొట్టేలుకి కడుపునిండా తిండి పెట్టని పిసినారని నేను అనను. కంచె ఎత్తు పెంచని బద్ధకిష్టని కూడా అనను. నీకన్నీ తెలుసు."

వెనక బల్ల మీంచి హానుస్ లేచాడు. "తండ్రీ, ఎల్స్‌పాని దీవించు. మొన్న నా పొట్టేలు మీదికి బూటు విసిరింది. నేనేం మనసులో పెట్టుకోలేదు. ఎడమకాలి బూటు. నా దగ్గరే ఉంది."

"ప్రభువా, నా బూటు నాకిమ్మని ఆ మనిషికి చెప్పు!"

"తండ్రీ, అందులో మట్టి పోసి ఉల్లికాడలు నాటానని ఆవిడకి చెప్పు!"

వంచిన తలలన్నీ నవ్వాపుకోలేక ఊగిపోతున్నాయి. మోర్టన్ "ఆమెన్! ఆమెన్!" అని కేకేశాడు. "ఇద్దరి మధ్యా మూడు బల్లల దూరం కూడా లేదు. దేవుణ్ణి పోస్ట్‌మాన్ చేస్తారేమిటమ్మా?"

ఎల్స్‌పా మొహం ఎర్రబడింది. కళ్లు మూసుకున్నంత మాత్రాన తిట్లు తియ్యగా మారవని అప్పుడు తెలిసొచ్చింది. కూటం ముగిశాక బయట గాలిలో హానుస్ ఎదుట నిలబడింది. ప్రార్థించబోతే మాటలు రాలేదు. 'సాయం చెయ్యి' అని మాత్రం అనుకుంది.

"హానుస్, నీ పొట్టేల్ని కట్టేసుకుంటావా? బూటు విసరడం నా తప్పే."

హానుస్ నోరు తెరిచాడు. "ఇంతేనా? ఇన్నేళ్లూ నువ్వు అరుస్తుంటే నన్ను ఊరొదిలి పొమ్మంటున్నావేమోననుకున్నాను!"

శనివారం అతను కంచె ఎత్తు పెంచుతుంటే ఆవిడ మేకులు అందించింది. మూడో మేకు వంకరపోయింది. ఎల్స్‌పా నోరు తెరిచింది, మూసింది, ఊపిరి పీల్చింది.

"కాఫీ తాగుతావా, చేతకాని వెధవా?" అంది, చాలా ప్రేమగా.

ఆవిడలో మార్పు అప్పటికి అంతవరకే వచ్చింది. హానుస్ సుత్తి పక్కన పెట్టి, కాఫీకి లోపలికి నడిచాడు.