కిటికీ మేకుకు కామెర్లు

లెక్కలు నేను ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే ఎనభైల్లో నాచారంలోని ఒక చిన్న బడిలో మూడో తరగతికి టీచరుగా చేరాను. కొలిచి చూస్తే గానీ ఏదీ నమ్మని అలవాటు అప్పటికే ముదిరిపోయింది.

ఒక వానాకాలం మా తరగతి పిల్ల ఒకతి బడికి రావడం మానేసింది. ఇల్లు బడి వెనక సందులోనే. వెళ్లి చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. మెడలో, పచ్చి పుల్లల ముక్కల్ని దారంతో వరసగా ముడేసిన దండ. కామెర్లకు ఉప్పల్‌లో ఒకాయన కట్టి ఇస్తాడట. తలమీద పెడితే రోజురోజుకూ పొడుగై కిందికి జారుతుంది. దండ దిగినకొద్దీ రోగం దిగుతుందని నమ్మకం.

"దవాఖానకు తీస్కపోయిన్రా అవ్వా?" అని వాళ్ల నాయనమ్మను అడిగాను.

"దండ దిగుతాంది గదా, దవాఖాన ఎందుకు? లెక్కల టీచరమ్మవు, నువ్వే కొలుసుకో!"

కొలిచాను. మర్నాడు మళ్లీ కొలిచాను. నిజంగానే పెరిగింది. పిల్ల మాత్రం ముద్ద ముట్టడం లేదు. నాకు భయం వేసింది. స్కేలు అబద్ధం చెప్పదు గానీ, అది కొలిచేది దండను, రోగాన్ని కాదు. ఈ మాట అవ్వకు ఎలా చెప్పాలో తోచక తరగతిలో పిల్లల్నే అడిగాను.

"దండ పెరిగింది కామెర్లతోనే అని ఎట్ల తెలుస్తది?"

"నాకు ఏసి సూడుండ్రి టీచర్!" అన్నాడు వెనక బెంచీవాడు. "నాకు కామెర్లు లేవు గదా. పెరగకపోతే అవ్వ గెలిచినట్టు."

"వీడు పొద్దుగూకకముందే తెంపుతడు టీచర్. మేకుకు తగిలిద్దాం, అదైతే ఎటూ ఉరకదు," అంది ముందు బెంచీ పిల్ల.

ఉప్పల్ పోయి అలాంటి దండే తెచ్చాను. ఎవరికమ్మా అని ఆయన అడిగితే, మా బడిలో ఒకరికి అన్నాను. ఆ ఒకరు కిటికీ పక్కన కొట్టిన మేకు అని చెప్పలేదు.

మేకు దండా పెరుగుతూ వచ్చింది. పుల్లలు ఎండి సన్నబడుతుంటే ముడులు వదులై దారం సాగుతోందని పిల్లలే తడిమి కనిపెట్టారు. ఇంటర్వెల్లో అవ్వ సందులో కనబడగానే గోడెక్కి అరిచారు.

"అవ్వా! మా మేకుకు కామెర్లు అచ్చినయి!"

అవ్వ కొంగు దోపుకుని, తిట్టుకుంటూ తరగతిలోకి వచ్చింది. నేనిచ్చిన స్కేలు పక్కకు నెట్టి దండను జానలతో కొలుచుకుంది.

"గిదేంది! మా పిల్ల కంటె దీనికే జల్ది దిగుతాంది!"

ఎవరూ నవ్వలేదు. నవ్వొద్దని ముందే కళ్లురిమి పెట్టాను. అవ్వ దోపిన కొంగు విప్పి సర్దుకుంది.

"మా పిల్ల మెడల దండ మాత్రం తియ్య," అంది. "అదుంటే నీకేం నష్టం? రేపు పొద్దుగాల దవాఖానకు తీస్కపోదాం. నువ్వు గూడ రా."

వెళ్లాం. డాక్టరు దండను పక్కకు జరిపి పొట్ట నొక్కి చూశాడు. రక్తపరీక్ష చేయించి, పూర్తిగా విశ్రాంతి అన్నాడు, కాచి చల్లార్చిన నీళ్లే తాగాలన్నాడు, మళ్లీ తెచ్చి చూపించమన్నాడు.

తేరుకుని బడికి వచ్చిన రోజు పిల్ల నేరుగా కిటికీ దగ్గరికి పోయింది. మేకు దండ పూర్తిగా ఎండి బారెడు పొడుగున వేలాడుతోంది.

"దీనికింక తగ్గలేదా టీచర్?"

నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది.

"దవాఖానకు తీస్కపోతె గదా!"