నా సిస్టమ్‌కు వైరస్ రాదన్నాను

ఒక మనిషి గుర్తొస్తే నాకు ముద్ద దిగదు. ఏళ్లుగా ఇంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆయన్ని యాదగిరి అందాం. అసలు పేరు రాసే ధైర్యం లేదు.

పటాన్‌చెరులో గేర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాడిని. ఆఫీసులో అందరి కంప్యూటర్లూ విండోస్‌తో నడిచేవి, నా ఒక్కడిదే లైనక్స్‌తో. అదో పొగరు నాకు. ఎవరి సిస్టమ్ మొరాయించినా, నా దానికి వైరస్ రాదని వాళ్లకు వినబడేలా అన్నాకే బాగుచేసేవాడిని. గేర్ల డ్రాయింగులన్నీ ఉండే, అందరూ తెరుచుకునే కామన్ ఫోల్డర్‌ను నా సిస్టమ్‌లోనే పెట్టుకున్నాను. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు నాకు చూపించాలని రూలు పెట్టిందీ నేనే.

యాదగిరి స్టోర్స్ క్లర్కు. వీరభద్రుడి గుడి ఉన్న బొంతపల్లి మనిషి, నాకంటే పెద్దవాడు. ఆయుధ పూజ రోజు వీరభద్రుడి పాటలు పెట్టడం ఆయన వంతు. ఆ ఏడు మొబైల్ షాపులో పాటలు ఎక్కించుకొచ్చి పెన్‌డ్రైవ్ నా టేబుల్ మీద పెట్టాడు.

"సార్, గిందుల వైరస్ గిట్ల ఉంటదేమో, జెర సూడుండ్రి. నాకు బుగులైతుంది."

"నా దాంట్ల పెట్టినంక బుగులేందన్నా? దీనికి వైరస్ రాదు. కామన్ ఫోల్డర్ల ఏస్తున్న, పోయి పెట్టుకో."

"మీరు అన్నంక ఇగ ఫికర్ లేదు."

నేను చూడలేదు. ఉన్నదంతా కాపీ చేసి పడేశాను. పాటల మధ్య పాటలాగే కనిపించే ఫైలు ఒకటి ఉంది. విండోస్ కోసం రాసిన వైరస్ అది. నా సిస్టమ్‌లో కిక్కురుమనకుండా పడుంది. తనకు జ్వరం రాకుండానే ఇంటింటికీ అంటించి వచ్చే మనుషులుంటారే, నా లైనక్స్ అలాంటిది. యాదగిరి స్టోర్స్‌లో ఆ ఫైలు తెరిచాడు. రాత్రికి రాత్రి అది కామన్ ఫోల్డర్‌లోకి పాకి, ఒక్కటీ తెరుచుకోకుండా డ్రాయింగులన్నిటికీ తాళం వేసింది.

డ్రాయింగుల నకళ్లుండే బ్యాకప్ డిస్కును రోజూ తీసి బీరువాలో పెట్టేవాడిని. కానీ పూజలో బొట్టు పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా కదపకూడదని మా ఫ్యాక్టరీలో పట్టింపు. డిస్కుకూ బొట్టు పెట్టారు. నా సిస్టమ్‌కు ఏం కాదులే అని దాన్ని తగిలించినట్టే వదిలేసి ఇంటికి వెళ్లాను. కామన్ ఫోల్డర్‌లోంచి దానికీ దారి ఉంది, అదీ పోయింది.

తెల్లారి ఓనర్ అందరి ముందూ అడిగాడు, ఎక్కడి నుంచి వచ్చిందని.

"స్టోర్స్‌ల మొదలైంది సార్, యాదగిరన్న పెన్‌డ్రైవ్‌ది. నాది లైనక్స్, దానికి రాలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. దర్జాగా నిలబడ్డాను. ఒక్క ముక్కయినా అబద్ధం చెప్పానా? లేదు. ఆ సంగతే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, చెప్పుకున్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసింది. ముందు ఈ సార్‌కే ఇచ్చానని యాదగిరి నన్ను చూపిస్తాడేమోనని ఆయన వైపే చూశాను. ఆయన అనలేదు. తల దించుకున్నాడు. నేను తప్పు చేసి ఉండనని నమ్మాడేమో. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. కంపెనీని ముంచినవాడన్న పేరు ఆయనకంటే ముందే ప్రతి ఫ్యాక్టరీ గేటుకూ చేరింది. మళ్లీ ఎవరూ ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోనివ్వలేదు.

ఇప్పుడు పటేల్‌గూడలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. మొన్న పనిమీద అటు వెళితే గేటు తీసింది ఆయనే. నన్ను చూసి సలాం చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కూతురు డిగ్రీ చదువుతోందట, కంప్యూటర్ కావాలంటోందట.

"మీ అసొంటిదే ఇప్పిద్దామనుకుంటున్న సార్. దానికైతే వైరస్ రాదు గద? నా అసొంటోని చెయ్యి పడ్డా ఏం గాదు గద?"

అప్పుడైనా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత చెప్పి ఆయనకు ఏం తిరిగివ్వగలను? లేక అదీ నా పిరికితనానికి నేను వేసుకున్న ముసుగేనా?

"రాదన్నా" అన్నాను.

వస్తుంది. తక్కువేమో గానీ దానికీ వస్తుంది. రాకపోయినా మోస్తుంది. ఆ రోజు మోసింది నాది, చూడకుండా పంపింది నేను. ఇది ఆయనకు చెప్పలేక మీకు చెప్పాను. ఈ పూట నాకు నాలుగు ముద్దలు దిగుతాయేమో. ఆయన మాత్రం ఆ గేటు దగ్గర తన చేతినే తిట్టుకుంటూ కూర్చుని ఉంటాడు.