విరిగిన షాఫ్టు మొదటి ఫొటో

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి నెలలో మా ప్రయోగశాలకు కొత్త కెమెరా వచ్చింది. జర్మనీలో ఎర్లాంగెన్ శివార్లలో ఉండే చిన్న సంస్థ మాది. యంత్రాల్లో విరిగిన భాగాలు ఎందుకు విరిగాయో పరీక్షించి నివేదిక ఇవ్వడం మా పని. నేను అక్కడ సీనియర్ ఇంజనీరును. కెమెరా బాధ్యత ఎవరు తీసుకుంటారని విభాగాధిపతి హెర్ ఫోగ్ట్ అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. కొత్త పరికరం కనబడితే ఊరుకోలేని స్వభావం నాది.

పాత కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ చిటికెనవేలి గోరంత ఉండేది. అలాంటి దానిలో ముందున్నవీ వెనకున్నవీ దాదాపు అన్నీ స్పష్టంగానే పడతాయి. కొత్తదాని సెన్సర్ పెద్దది. ఫోకస్ కుదిర్చిన చోటికి అటూ ఇటూ కొంత మేరే స్పష్టంగా ఉంటుంది, మిగతాది మసక. ఆ మేరను డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. లెన్సు లోపలి రంధ్రాన్ని పెద్దది చేస్తే ఆ మేర తగ్గుతుంది, చిన్నది చేస్తే పెరుగుతుంది. ఎఫ్ 4 అంటే పెద్ద రంధ్రం, ఎఫ్ 22 అంటే చిన్నది. ఈ తలకిందుల లెక్క ఎవరు పెట్టారో గాని, చాలామంది మొదటి వారం దీనితోనే తికమక పడతారు.

నేను పడలేదు. మా తెలుగువాళ్ల బతుకమ్మకూ పుట్టినరోజులకూ సొంత కెమెరాతో ఫొటోలు తీసేది నేనే. మేం అద్దెకు తీసుకునే హాల్లో ఎటు తిరిగినా పేర్చిన కుర్చీలు, మంటలార్పే ఎర్ర సిలిండర్లు. ఎఫ్ 4 పెట్టి వాటన్నిటినీ మసకలో కలిపేస్తే పట్టుచీరలూ ముఖాలూ మిగిలేవి. “ఆంటీ, నాక్కూడా వెనక బ్లర్ రావాలి” అంటూ అమ్మాయిలు వరుస కట్టేవారు. ఆ మెప్పు నా తలకెక్కింది.

మార్చిలో ఒక సోమవారం, ఒక యంత్రాల సంస్థ నుంచి రెండు ముక్కలైన షాఫ్టు వచ్చింది. యంత్రంలో తిరిగే ఇరుసు అది; అరచేతి పొడవు ఉక్కు ముక్కలు. వాటిని తెచ్చినతను కిరణ్, వరంగల్ వాడు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి ఐదో నెల. అంటే ఇంకా ప్రోబెట్సైట్‌లో ఉన్నాడు. మొదటి ఆరు నెలల ఆ పరీక్షా కాలంలో పెద్దగా కారణం చూపకుండానే ఉద్యోగంలోంచి తీసేయవచ్చు. షాఫ్టును యంత్రంలో బిగించింది అతనే. బిగించేటప్పుడు గీత పడిందనీ, అక్కడి నుంచే పగులు మొదలైందనీ అతని మేనేజరు అనుమానం. నేను తెలుగుదాన్నని తెలియగానే అతని ముఖం విప్పారింది. కేసు ముగిసేదాకా దీని గురించి నాతో మాట్లాడకూడదు బాబూ అని చెప్పి పంపేశాను. నిబంధన అదే. మనసులో మాత్రం కష్టంగానే ఉండింది.

వచ్చిన భాగాన్ని తుడవకుండా, ఉన్నదున్నట్టు ముందు ఫొటో తీయాలి. పగులు మొదలైన చోటు విరిగిన ముఖం మీద, అంచు దగ్గర ఉంది. గీత షాఫ్టు పక్క ఉపరితలం మీద ఉంది. రెండూ ఒకే ఫొటోలో రావాలంటే ముక్కను ఏటవాలుగా నిలబెట్టాలి. నిలబెట్టి, చేతి అలవాటు కొద్దీ ఎఫ్ 4 పెట్టి, అంచు మీద ఫోకస్ చేశాను. నల్లటి నేపథ్యంలో ఉక్కు తళతళలాడింది. నాకే ముచ్చటేసింది. ప్రాథమిక చిత్రంగా ఆ సాయంత్రమే సంస్థకు పంపాను.

మంగళవారం మేనేజరు జవాబు వచ్చింది. గీత నేరుగా పగులు మూలంలోకి వెళ్లడం స్పష్టంగా కనబడుతోందట, ఇక మిగతా పరీక్షలు లాంఛనమేనట.

అంత స్పష్టంగానా అని వెంటనే ముక్కను మళ్లీ తీశాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గీత అంచుకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది. అక్కడి నుంచి అంచు దాకా ఉన్నది సన్నటి నూనె మరక. నా ఫొటో మసకలో గీత, మరక కలిసి ఒక్కటైపోయాయి. కళ్లతో చూశానంటే చాలదు, చూపించాలి. మైక్రోస్కోపు ఫొటోలో స్పష్టత మేర ఇంకా తక్కువ, రెండూ కలిసి రావు. పైగా గురువారం మధ్యాహ్నం లోపలి లోహం చూడటానికి ముక్కను కోస్తారు. కోశాక ఆ అంచే ఉండదు.

బుధవారమంతా కెమెరా ముందే గడిపాను. స్టీలు స్కేలును వాలుగా పెట్టి, ఒక్కో ఎఫ్ అంకెకు ఎన్ని మిల్లీమీటర్ల గీతలు స్పష్టంగా ఉన్నాయో లెక్కపెట్టాను. ఎఫ్ 4కు ఒకటిన్నర కూడా లేదు. ఎఫ్ 11కు నాలుగు దాకా వచ్చింది, గీతను కూడా పట్టడానికి అది చాలదు. ఆశ పుట్టి ఎఫ్ 32కు వెళ్తే స్కేలు మొత్తం ఒకే తీరుగా మెత్తబడింది. మరీ చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదిరిపోతుందని పుస్తకంలో ఎప్పుడో చదివాను గాని, అది కళ్లముందు జరుగుతుంటే భయం పక్కన పెట్టి ఆ చిత్రాలనే చూస్తూ ఉండిపోయాను. తర్వాత కెమెరాను వెనక్కి జరిపాను. దూరం పెరిగేకొద్దీ మేర కూడా పెరిగింది. ఫోకస్ మార్చుతూ తీసిన పది ఫొటోలను కంప్యూటర్లో కలిపితే ఎలా ఉంటుందని అడిగాను. కలిపిన చిత్రం మీద అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు, ఒకే క్లిక్కుతో రావాలి అన్నారు హెర్ ఫోగ్ట్.

గురువారం పొద్దున కావలసిన ఫొటో వచ్చింది. ఎఫ్ 11, రెట్టింపు దూరం, ఫోకస్ అంచు మీద కాకుండా అంచుకూ గీతకూ నడుమ. గీత ఆగిన చోటు, మరక, పగులు మూలం వేటికవి విడివిడిగా కనిపించాయి. దానితో పాటు పంపిన లేఖలో, మొదటి చిత్రం నా పొరపాటు వల్ల తప్పుదారి పట్టించేదిగా ఉంది కాబట్టి వెనక్కి తీసుకుంటున్నానని రాసి సంతకం చేశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి వాక్యం రాయడం అదే మొదటిసారి. సిగ్గేసింది. మధ్యాహ్నం కోసి చూస్తే ఉపరితలం కిందే, ఉక్కు పోత పోసేటప్పుడు చిక్కుకున్న మలినం ఒకటి దొరికింది. పగులు అక్కడ పుట్టింది.

ఏప్రిల్ చివర్లో మిగిలిన ముక్కలు తీసుకెళ్లడానికి కిరణ్ వచ్చాడు. రసీదు మీద సంతకం పెట్టి, ప్రోబెట్సైట్ గడిచిపోయిందని చెప్పాడు. కేసు ముగిసింది కాబట్టి, ఆ మొదటి ఫొటో తీసింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను.

“ఫొటో మాత్రం మస్తుండె మేడమ్,” అన్నాడతను. “అంత మంచిగ కనబడుతుంటే నేనే గీకిన్నేమో అని నాకే అనిపించింది. తప్పు నాదే అని మెయిల్ కూడా రాసి పెట్టుకున్న. పంపుదామనుకున్న పొద్దే మీ రెండో ఫొటో వచ్చింది.”

అతను వెళ్లాక మా ఫొటో ఫారంలో ఒక కొత్త గడి చేర్చాను: ‘ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టం, మిల్లీమీటర్లలో.’ ఆ గడి నింపకుండా ఏ చిత్రమూ బయటికి పోకూడదని కింద రాశాను.