మీదికీ మీదకీ మధ్య సున్నం గీత

గోడౌను వెనక ఆటస్థలంలో గీతలు గీసే ఆవిడను అందరూ సున్నం పెద్దమ్మ అంటారు. అది జీతం లేని ఉద్యోగం. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో పొడి సున్నం పోసి, డబ్బాను కర్రకు కట్టి, నేల మీద లాగి కట్టిన తాడు పక్కనే తట్టుకుంటూ నడుస్తుంది. పొద్దున్నే చూస్తే నేల తల దువ్వుకుని పాపిడి తీసుకున్నట్టు ఉంటుంది.

అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఆవిడ గోడౌనులో బస్తాల మూతులు కుట్టింది. దబ్బనంతో కుట్టు వంకర పోకుండా చూసుకున్న చేయి కాబట్టి గీత కూడా వంకర పోదు. పిల్లలెవరైనా చూసుకోక గీత తొక్కితే, "సున్నంలోకి ఎముక లేకుండా కొడతా" అని అరుస్తుంది. ఊళ్ళో అందరూ అనే మాటే అయినా, చేతిలో సున్నం డబ్బా ఉన్న మనిషి అంటే బరువు వేరు.

ఆవిడ ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. దాని వెనక ఒక మాట ఉంది. గోడౌనులో దొంతి మీద నిలబడిన హమాలీ బస్తా కిందికి వదిలే ముందు "మీద!" అని కేక వెయ్యాలి. కేక వినగానే కిందున్న వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ చేతులు నెత్తిన పెట్టుకుని కూలబడాలి. ఒక రోజు ఒక హమాలీకి కేక వేసే ముందు తుమ్ము వచ్చింది. బస్తా ముందు వచ్చింది, తుమ్ము తర్వాత వచ్చింది, కేక చివర వచ్చింది. అప్పటి నుంచి గోడౌను పాత వరస ఇళ్ళలో పిల్లలకు నడక కన్నా ముందు ఇదే నేర్పారు. "మీద" అంటే కూర్చోవాలి. బళ్ళో లెక్కలు మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు.

కాలవ అవతల నూలు మిల్లు పెట్టాక కొత్త వరస ఇళ్ళు లేచాయి. వాటిలోకి వేరే భాష మనుషులు వచ్చారు. సాయంత్రం కాలవ ఒడ్డున రెండు భాషలు చెరో గట్టున ఆరేసిన బట్టల్లా ఊగుతూ ఉండేవి. ఎవరి బట్టలు వాళ్ళే తీసుకుని లోపలికి పోయేవాళ్ళు.

పెద్దమ్మ తమ్ముడు గోడౌనులో మేస్త్రీ, సాయంత్రాలు పిల్లలకు వాలీబాలు నేర్పుతాడు. మెడలో విజిల్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పేరు కూడా విజిలే. ఆ ఏడు ఆడపిల్లల జట్టు కట్టాలనుకున్నాడు. పాత వరసలో ముగ్గురే వస్తామన్నారు. కొత్త వరసలోనూ ముగ్గురే వస్తామన్నారు. ఆటకు ఆరుగురు కావాలి. ఐకమత్యం ఆ విధంగా కుదిరింది.

పాత వరస ముగ్గురిలో పెద్దది బస్తా. హమాలీ కూతురు, కాస్త గుండ్రంగా ఉంటుంది, బంతిని మెత్తగా లేపుతుంది. కొత్త వరస ముగ్గురిలో పొడుగుది నిచ్చెన. పదిహేనేళ్ళకే నెట్టు పైనుంచి అవతలి వాళ్ళ పాపిడి చూడగలదు. మాట తక్కువ. ఉన్న కాస్త మాటా బళ్ళో టీచరమ్మ నేర్పింది కాబట్టి ఇస్త్రీ పెట్టినట్టు ఉంటుంది.

జట్టు వరసగా నాలుగు ఆటలు ఓడిపోయింది. చాలా జట్లు ఓడిపోతాయి గానీ ఈ జట్టు కూర్చుని ఓడిపోయింది. బంతి ఇద్దరి మధ్యకు వస్తుంది. నిచ్చెన ఏదో అరుస్తుంది. వెంటనే బస్తా చేతులు నెత్తిన పెట్టుకుని కూలబడుతుంది. మిగతా ఇద్దరూ అంతే. ఖాళీ నేల మీద బంతి తీరిగ్గా పడుతుంది.

"వాళ్ళు కావాలనే బెదిరిస్తున్నారు మామా," అని పాత వరస పిల్లలు విజిల్‌తో చెప్పారు.

కొత్త వరస పిల్లలు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మనం పిలిస్తే కూర్చుంటారు, బహుశా మనతో ఆడడం ఇష్టం లేక అని ఇళ్ళలో వాళ్ళ భాషలో అనుకున్నారు.

నాలుగో ఆట ఓడిన రోజు సాయంత్రం విజిల్ అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, రేపు పొద్దున్నకల్లా గ్రౌండు మధ్యలో ఒక గీత గీసెయ్. ఇటు మనోళ్ళు, అటు వాళ్ళు. ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు."

"ముగ్గురితో ఏం ఆటరా?"

"ఏదో ఒకటి. తొక్కుడుబిళ్ళ."

"గ్రౌండు పొడవు ఇరవై నాలుగు మీటర్లు, వెడల్పు పద్నాలుగు. కోర్టుకు పద్దెనిమిది, తొమ్మిది కావాలి. నువ్వు ఎటు కోసినా ఏ సగంలోనూ కోర్టు పట్టదు."

"పట్టకపోతే పోనీ. నాలుగు ఆటలక్కా! అవతలి జట్టువాళ్ళు మనకి పీటలు తెచ్చిపెడతామంటున్నారు."

పెద్దమ్మ సరేనంది. తమ్ముడి ఇంట్లోనే ముందు గదిలో ఉంటుంది. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఒక మంచం, ఒక పెట్టె ఉన్నాయి. బయట ఆ కోర్టు ఉంది. ఈ గీత గీస్తే కోర్టు పోతుంది, కోర్టుతో పాటు జట్టూ పోతుంది. గీయనంటే తమ్ముడే గీస్తాడు, వంకరగా. రెండూ భరించలేనివే. ఆలోచిస్తూనే తాడు తీసింది.

నిచ్చెన మర్చిపోయిన చెప్పుల కోసం అప్పుడే వచ్చింది. వెలుగు ఇంకా ఉంది. మిల్లు గొట్టం నీడ గ్రౌండు మీద ఎవరూ అడగని గీతలా పడి ఉంది.

"అమ్మాయ్, ఆ కొస పట్టుకో."

నిచ్చెన పట్టుకుంది. "ఇది ఏ గీత అండీ?"

పెద్దమ్మకు అబద్ధం నిటారుగా రాదు. "మీరు అటు, వాళ్ళు ఇటు. దానికి."

నిచ్చెన తాడుకు అటూ ఇటూ చూసింది. "అయితే నేను ఏ వైపు నిలబడి పట్టుకోవాలి?"

పెద్దమ్మ తాడు లాగుతున్నట్టు నటించింది. లాగకుండా నటించడంతో ఆవిడ కొస వదులైంది. పనిలో తప్పు చూస్తే ఊరుకోలేని పిల్ల కాబట్టి నిచ్చెన అవతలి నుంచి కేక వేసింది.

"మీది!"

అరవై దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, చేతులు నెత్తిన పెట్టుకుని దబ్బున కూలబడింది. డబ్బా దొర్లింది. సున్నం మేఘంలా లేచి, మెల్లగా ఆవిడ జుట్టు మీద వాలింది.

నిచ్చెన పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది?"

"ఏం పడింది?"

"ఏమీ పడలేదు."

"మరి మీద అన్నావుగా!"

"మీద అనలేదండీ. మీది అన్నాను. తాడు మీది వదులుగా ఉందని."

పెద్దమ్మ లేవలేదు. కూర్చునే ఆలోచించింది. కేకలో చివరి అక్షరం గుడి ఎప్పుడూ గాలికే పోతుంది. మిగిలేది 'మీ', ఆ తర్వాత ఒక 'ద'.

"ఆటలో కూడా ఇదేనా నువ్వు అరిచేది?"

"అవునండీ. మా దగ్గర బంతిని నాది అనరు. వెనక ఉన్నవాళ్ళకి బాగా కనిపిస్తుంది కదా, ఎవరిదో వాళ్ళే చెప్తారు. బంతి మీది అని."

"బస్తాని 'మీరు' అంటున్నావా?"

"కొత్తవాళ్ళని నువ్వు అనకూడదని టీచరమ్మ చెప్పారు."

"దాన్ని కన్నతల్లి కూడా గాడిదా అనే పిలుస్తుంది. మీరంట!" పెద్దమ్మ నవ్వు మొదలుపెట్టి దగ్గుతో ముగించింది. సున్నం గొంతులోకి పోయింది. "ఇన్నాళ్ళయింది కలిసి ఆడబట్టి. ఇంకా కొత్తేంటే? నీది అను."

"తప్పు కాదా?"

"తప్పయితే అదే తిరిగి తిడుతుంది. తిట్టిందంటే కలిసిపోయినట్టే లెక్క."

నిచ్చెన పెదాలు కదిపి చూసుకుంది. నీది. నీది. ఎవరింట్లోనో మొదటిసారి చెప్పులు విప్పి లోపలికి అడుగుపెడుతున్నంత జాగ్రత్తగా.

మర్నాడు పొద్దున విజిల్ వచ్చేసరికి గ్రౌండులో కొత్తగా, నిటారుగా కోర్టు గీసి ఉంది. ఆరుగురూ నిలబడి ఉన్నారు.

"అక్కా, గీత ఏదీ?"

"నెట్టు కింద చూడు. మధ్యలోనే ఉందిగా."

"అది కోర్టు గీత!"

"నువ్వు మధ్యలో గీత అన్నావు. ఏ గీతో అనలేదు."

విజిల్‌కు కోపం వచ్చింది. మెడలోని విజిల్ తీసి నేలకేసి కొట్టాడు. "ఇక ఈ జట్టుకి నేను లేను, పో!" అని గిర్రున తిరిగాడు. నిచ్చెన వంగి దాన్ని తీసుకుని, దుమ్ము ఊది, తుడిచి, వెనక నుంచి మర్యాదగా, గట్టిగా పిలిచింది.

"మీది!"

మేస్త్రీ చేతులు నెత్తిన పెట్టుకుని కూలబడ్డాడు. బస్తా, మిగతా ఇద్దరూ కూడా కూలబడ్డారు. అలవాటు కొద్దీ పెద్దమ్మ మోకాళ్ళు కూడా సగం వంగాయి గానీ, ఆవిడ ఆపుకుంది.

విజిల్ కింద నుంచి ఒక కన్నుతో ఆకాశం వైపు చూశాడు. ఆకాశం తప్ప పైన ఏమీ లేదు.

"ఏం పడలేదేం?"

"విజిల్ నీదని చెప్తోందిరా ఆ పిల్ల," అంది పెద్దమ్మ. "నీ నాలుగు ఆటలూ అలాగే పోయాయి. బంతి మీదండీ అని అది మర్యాద చేస్తుంటే, మీద పడుతోందని మనోళ్ళు కూర్చున్నారు."

బస్తా కూర్చున్న చోటు నుంచే నిచ్చెన వైపు చూసింది. "నన్నా? మీరు అన్నావా?"

"అన్నానండీ."

"ఛీ, సిగ్గు లేకపోతే సరి. ఇంకోసారి అన్నావంటే జడ కత్తిరిస్తా."

నిచ్చెన పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ తల ఊపింది. అవును, ఇదే అది.

విజిల్ లేచి, ప్యాంటు దులుపుకుని, ఆ గీత సంగతి మళ్ళీ ఎత్తలేదు. విజిల్ మెడలో వేసుకుని ఊదాడు. బంతి లేచింది. పొద్దుటి ఎండలో ఒక్క క్షణం దానికి ఏ వరసా లేదు. బస్తాకీ నిచ్చెనకీ సరిగ్గా మధ్యలోకి దిగుతోంది.

"నీది!" అంది నిచ్చెన.

"కాదు, నీదే!" అంది బస్తా.

బంతి ఇద్దరి మధ్యా, సరిగ్గా గీత మీద పడింది. ఈసారి మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఇద్దరూ నిలబడే పోట్లాడుకున్నారు, చెరో భాషలో. ఒకరి తిట్టు ఒకరికి బాగానే అర్థమవుతున్నట్టుంది.

పెద్దమ్మ డబ్బా పట్టుకుని వెళ్ళి చెదిరిన జానెడు గీత మళ్ళీ గీసింది.