నేను వేయని కందిగింజ

రాయి మీద తప్పు పడితే చెరపలేం. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాయొచ్చని మా మనవరాలు అంటుంది. అయినా ఒక్కో మాటా ఆగి ఆగి రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసి ఉలి పట్టినవాణ్ని నేను.

మాది వికారాబాద్. పెళ్లయ్యాక తాండూరుకు ఇల్లరికం వచ్చి, అక్కడ నాపరాళ్ల పనిలో చేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. రెండు ఊళ్లలోనూ కబడ్డీ అంటే పడిచచ్చేవాళ్లు ఉండేవారు. ఎక్కడ ఆటుంటే అక్కడికి రైలెక్కి అందరం కలిసి పోయేవాళ్లం. ఒక ఏడాది, గొప్ప ఆటగాళ్ల పేర్లు ఒక బండ మీద చెక్కి తాండూరులో ఆట జరిగేచోట నిలబెట్టాలని అనుకున్నాం. చెక్కే పని నాది. ఎవరి పేరు ఎక్కాలో ఓటుతో తేల్చాలి. సరే అనేవాళ్లు గురిగిలో, అంటే చిన్న మట్టి ముంతలో, కందిగింజ వేయాలి, వద్దనేవాళ్లు జొన్నగింజ.

ఎన్ని కందిగింజలు పడితే పేరు ఎక్కినట్టు? గొడవ అక్కడ మొదలైంది. నన్ను పక్కన పెడితే తాండూరు వాళ్లు పన్నెండు మంది, వికారాబాద్ వాళ్లు తొమ్మిది మంది.

"అందరిల సగం దాటితే చాలు" అన్నాడు మా బామ్మర్ది.

"ఎందుకు చాలదు? పన్నెండు మంది మీరే ఉంటిరి. బండ నిండ మీ పోరగాళ్లే ఎక్కుతరు. మేం రైలు దిగి చప్పట్లు కొట్టి పోవాల్నా?" అన్నాడు వికారాబాద్ నుంచి వచ్చిన మా చిన్నాయన.

"గట్లయితే బండను మీ ఊరికే తీస్కపో కాకా, నెత్తి మీద పెట్టుకోని!"

చిన్నాయన కండువా దులిపి లేచాడు. ఆయన వెనక మిగతా ఎనిమిది మందీ లేచారు. వాళ్లు అలా పోతే మళ్లీ రారు. నా వాళ్ల ముఖం చూడాలంటే నాకు ఆ ఆటలే దారి. బామ్మర్ది ముందు ఎప్పుడూ నోరెత్తనివాణ్ని, ఎలా లేచానో తెలియదు.

"రెండు గురుగులు పెడుదాం. తాండూరుకొకటి, వికారాబాద్‌కొకటి. రెండిట్ల కందులు సగం దాటాలె. ఒక్కదాంట్ల దాటకున్నా పేరెక్కదు" అన్నాను.

చిన్నాయన మెల్లగా కూర్చున్నాడు. హమ్మయ్య అనుకునేలోపే, "మరి నువ్వు ఏ గురిగిల ఏస్తవ్ రా?" అని అడిగాడు.

"ఇంకేడ ఏస్తడు? తినేది మా ఇంట్ల కాదా!" అన్నాడు బామ్మర్ది. అందరూ నవ్వారు.

"పుట్టింది మా ఇంట్ల" అన్నాడు చిన్నాయన. ఆయన నవ్వలేదు.

"నాకు ఓటొద్దు. చెక్కుడు ఒక్కటే నా పని" అన్నాను.

మొదటి రెండు పేర్లు, ఊరికొకటి, ఏ పేచీ లేకుండా ఎక్కాయి. మూడో పేరు వికారాబాద్ ఆటగాడిది. చిన్నప్పుడు నేను చిన్నాయన భుజం మీద కూర్చుని ఆ ఆటగాడి ఆట చూశాను. ఆయన కూతకు పోతే నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆయన పేరు తప్పిపోదనే ధైర్యంతో, ఓటుకు ముందే పొద్దున బండ మీద సుద్దతో గీతలు గీసి, ఎన్ని అక్షరాలు పడతాయో చూసుకున్నాను.

వికారాబాద్ గురిగిలో తొమ్మిదీ కందులే. తాండూరు గురిగిని తువ్వాల మీద బోర్లించారు. ఆరు కందులు, ఆరు జొన్నలు. సగమైంది గానీ దాటలేదు.

బామ్మర్ది నా దగ్గరికి జరిగాడు. "బావా, నేను తాండూరోన్ని అని ఒక్క మాట అను. నువ్వో గింజ ఏస్తే అయిపాయె. మేం వద్దంటమా?"

నా జేబులో కందిగింజ ఉంది. పొద్దున ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు. ఎదురుగా చిన్నాయన నన్నే చూస్తున్నాడు. ఆయన ముందు ఆ మాట అనాలి. గింజ వేళ్ల మధ్య చెమటకు తడిసింది.

"నాకు ఓటొద్దన్న కదా" అన్నాను చివరికి.

సాయంత్రం చిన్నాయన వాళ్లకు స్టేషన్ దాకా నేనే తోడు వెళ్లాను. రైలెక్కి కూర్చున్నాక చిన్నాయన కిటికీలోంచి నా చేయి పట్టుకున్నాడు.

"ఆ మాట అంటే ఏమైతుండె కొడుకా? నువ్వు ఎవలోనివో నాకు తెల్వదా?"

ఆ సుద్దగీతలు నేను తుడవలేదు. వానకు పోయాయి. తర్వాతి పేర్లు ఆ జాగా వదిలేసి కిందనే చెక్కాను. ఎందుకని ఎవరూ అడగలేదు.