నీలగిరి పొగ

మొన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తే బాత్‌రూమ్‌లో షవర్‌కి నీలగిరి కొమ్మల కట్ట వేలాడుతోంది. వేడినీళ్ల ఆవిరికి మంచి వాసన వస్తుందట, ఇప్పుడు ఇదే ఫ్యాషనట. "స్మెల్ బావుంది కదమ్మా?" అంది మురిసిపోతూ. నేను ముక్కు మూసుకుని బయటికి వచ్చేశాను. ఆ వాసనంటే నాకు ఒళ్లు మంట. ఎందుకన్నది దానికి ఏనాడూ చెప్పలేదు.

డెబ్బైల చివర మేం కాలిఫోర్నియాలో, సముద్రానికి దగ్గరగా ఒక కొండవాలు మీద అద్దెకుండేవాళ్లం. ఇంటి వెనకంతా నీలగిరి తోపు. ఆ చెట్టు ఇక్కడిది కాదు. ఎప్పుడో ఆస్ట్రేలియా నుంచి కలప కోసమని తెచ్చి నాటారు. కలప మెలితిరిగి, పగిలి ఎందుకూ కొరగాలేదు గానీ చెట్లు మాత్రం ఆ చల్లగాలికి మరిగి కొండలెక్కేశాయి. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లితో ఆ చదువుని అటకెక్కించినదాన్ని కనక నాకు ఆ తోపే కాలక్షేపం. బెరడు పొడుగాటి పేలికలుగా ఊడి వేలాడితే, లోపల మాను నున్నగా, బూడిదరంగులో మెరిసేది. లేత మొక్క ఆకులు గుండ్రంగా, తొడిమ లేకుండా, విభూతి రాసినట్టుంటాయి. అదే చెట్టు ఎదిగాక ఆకులు కొడవళ్లలా సాగి కిందికి వేలాడతాయి. మొగ్గకి మూత ఉంటుంది. అది ఊడిపడితే తెల్లటి కేసరాలు కుచ్చులా విచ్చుకుంటాయి. వానల్లేని నెలల్లో కూడా ఆకులు పొగమంచుని పట్టి టపటపా నీళ్లు రాల్చేవి. అయినా కింద గడ్డి సరిగ్గా మొలవదు, రాలిన ఆకుల్లో నూనె మొలవనివ్వదు. ఇదంతా మా ఆయనకి చెప్పబోతే పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవారు.

పురిటికి మా అత్తగారు వచ్చారు. బాలింతకి వావిలాకు నీళ్లు పోయాలన్నారు. ఈ దేశంలో వావిలాకు ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ కన్ను తోపు మీద పడింది. "నీలగిరి తైలం జలుబుకి రాయమూ? ఆకు ఇంకా శ్రేష్ఠం" అంటూ, నరికిన మొద్దుల మీద చిగిర్చిన లేత కొమ్మలు తెచ్చి మరగబెట్టారు. నా స్నానం వరకు నేనేమీ అనలేదు. ఒళ్లు హాయిగానే ఉండేది, అబద్ధం ఎందుకు? కానీ ఓ రోజు పిల్లకి తలంటి, బార్బెక్యూ బొగ్గులు రాజేసి, సాంబ్రాణిలో తోపులో రాలిన ఎండాకులు కలపబోయారు.

"అత్తయ్యా, వద్దు. ఆ నూనె పసిపిల్లల ఊపిరికి పడదు" అన్నాను.

"నలుగుర్ని కని పెంచానే! నీ బోటనీ నా దగ్గరా?"

"అమ్మకి తెలుసులే. ప్రతిదానికీ లెక్చర్ ఇవ్వకు" అన్నారు మా ఆయన.

పొగ గుప్పున లేచింది. పిల్ల ఒకసారి దగ్గింది. ఆ తర్వాత నోరు తెరిచే ఉంది గానీ ఏడుపు రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. నేను దాన్ని లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. గాలి తగిలాక గొంతులోంచి సన్నగా కూత వినిపించింది. కారెక్కి ఆసుపత్రికి వెళ్లాం.

ఏం జరిగిందని డాక్టరమ్మ అడుగుతోంది. "పొగ సంగతి ఎత్తకు. అమ్మ మీద కేసు పెడతారు" అని మా ఆయన నాతో తెలుగులో అని, ఆవిడకేసి తిరిగి ఇంగ్లీషులో "తెలీదండీ, సడన్‌గా ఇలా అయింది" అన్నారు. పిల్ల డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. తెలీదుట! నేను ఆయన్ని పక్కకి నెట్టి చెట్టు పేరు, నూనె పేరు, పొగ సంగతి అన్నీ చెప్పేశాను. జీవితంలో నా చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. సాయంత్రానికి పిల్ల పాలు తాగింది.

కేసూ లేదు, గీసూ లేదు. అత్తగారు మాత్రం నాతో మాట మానేసి, ముందే టికెట్ మార్చుకుని వెళ్లిపోయారు. "మా అమ్మని తెల్లవాళ్ల ముందు నిలబెట్టావు" అన్నారు మా ఆయన. బిడ్డని బతికించావని మాత్రం ఆయన నోట ఈనాటికీ రాలేదు. ఎనభైల్లో పుట్టినరోజులకీ, పూజలకీ ఎవరింటికి వెళ్లినా ఆ సంగతి నాకంటే ముందే చేరిపోయేది. ఆవిడ ప్రేమగా ఆకు నీళ్లు పోస్తే, కోడలు ఆసుపత్రిలో చాడీలు చెప్పి తరిమేసిందట! ఆనాటి ఆ పసిపిల్ల, మా అమ్మాయి కూడా ఆ మాటే వింటూ పెరిగింది. కాలేజీకి వెళ్లే ముందు నన్ను అడిగింది కూడా, "నానమ్మని ఎందుకు పంపేశావమ్మా?" అని. పోయిన మనిషి మీద ఇప్పుడెందుకని నోరు మూసుకున్నాను. ఏళ్లు గడిచినకొద్దీ ఆ కథలోంచి ముందు పొగ పోయింది, తర్వాత ఊపిరాడని పసిపిల్ల పోయింది, ఇప్పుడు నా నోరొక్కటే మిగిలింది.